యూరప్ టూరు బస్సులో ఒక రోజు: మీ ప్రశ్నలు, మా జవాబులు

వేసవి సెలవులకు శంషాబాద్‌లో విమానమెక్కి యూరప్ గ్రూపు టూరుకు వెళ్లేవాళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో విమానం గురించి అడిగినవాళ్లు తక్కువ, బస్సు గురించి అడిగినవాళ్లే ఎక్కువ. పది పన్నెండు రోజుల టూరులో మెలకువగా ఉండే సమయంలో పెద్ద వాటా బస్సుదే కాబట్టి అది సబబే. ఒకే విషయం మీద వచ్చిన ఉత్తరాలను కలిపి జవాబులిస్తున్నాం.

మా టూరులో ఒక రోజు లూసెర్న్ నుంచి వెనిస్ దాకా బస్సు ప్రయాణం. ఫోన్‌లో మ్యాప్ చూస్తే అయిదున్నర గంటలే. వీళ్లేమో పొద్దున ఎనిమిదింటికి బయల్దేరి రాత్రికి చేరుతామంటున్నారు. దారిలో కోమో సరస్సు దగ్గర ఒక్క గంట ఆపమంటే కుదరదట. మమ్మల్ని మభ్యపెడుతున్నారా?
(ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి)

లేదమ్మా. మ్యాప్ చూపించే అయిదున్నర గంటలు కారుకి. బస్సు లెక్క వేరు.

దూరం సుమారు 500 కిలోమీటర్లు, మనకు బెంగళూరు కంటే కాస్త దగ్గర. అక్కడి టూరు బస్సు ఎంత ఖాళీ రోడ్డు దొరికినా గంటకు 100 కిలోమీటర్లు దాటదు. దాటనివ్వని పరికరం బస్సులోనే బిగించి ఉంటుంది. కొండ దారి, టోల్ గేట్లు, మిలాన్ చుట్టూ రద్దీ అన్నీ కలిపితే సగటు 70 పడితే గొప్ప. అంటే స్టీరింగ్ మీదే ఏడు గంటల పది నిమిషాలు.

ఇక అసలు సంగతి. యూరోపియన్ యూనియన్ నిబంధన 561/2006 ప్రకారం డ్రైవరు రోజుకు 9 గంటలే నడపాలి, వారంలో రెండు రోజులు మాత్రం 10 గంటల దాకా నడపొచ్చు. నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాలు ఆపి తీరాలి. ఒక రోజు పని ముగిశాక 11 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలి. స్విట్జర్లాండ్‌లోనూ దాదాపు ఇవే నియమాలు. అంటే డ్రైవరు పొద్దున బస్సు దగ్గరికి వచ్చిన క్షణం నుంచి రాత్రి తాళం వేసేదాకా మొత్తం 13 గంటలు. మీరు షాపింగ్ చేస్తున్నప్పుడు బస్సు ఊరికే నిలబడి ఉన్నా ఆ గడియారం ఆగదు.

మీ రోజుని దానిలో పెట్టి చూడండి. డ్రైవరు బస్సు చూసుకుని సామాను ఎక్కించడానికి 7:30కి వస్తాడు. 8:00కి బయల్దేరి లూసెర్న్‌లో చెక్క వంతెన, సింహం శిల్పం దగ్గర గంటన్నర. 7 గంటల 10 నిమిషాల డ్రైవింగ్. భోజనానికి గంట (డ్రైవరు 45 నిమిషాల విరామం ఇందులోనే కలిసిపోతుంది). టాయిలెట్ కోసం రెండుసార్లు, ఒక్కోసారి 25 నిమిషాలు. ఇవి కూడితే సాయంత్రం 6:30. దారిలో గోటార్డ్ సొరంగం ఉంది. పొడవు 16.9 కిలోమీటర్లు, వెళ్లడానికి ఒక వరస, రావడానికి ఒక వరస, అంతే. వేసవి శనివారాల్లో దాని ముందు బళ్లు కిలోమీటర్ల కొద్దీ ఆగిపోతాయి, కిలోమీటరుకు పది నిమిషాలని అక్కడివాళ్ల అంచనా. ఆరు కిలోమీటర్ల క్యూ ఉంటే గంట పోయినట్టే. ఇప్పటికి 7:30. డ్రైవరు 13 గంటలు 8:30కి నిండుతాయి. ఇండియన్ రెస్టారెంట్లో భోజనం చేయించి హోటల్ దగ్గర దింపడానికి మిగిలింది ఆ ఒక్క గంటే.

కోమోలో మీరడిగిన గంట, ఊళ్లోకి వెళ్లి బస్సు నిలిపే చోటు పట్టుకుని మళ్లీ హైవే ఎక్కేసరికి గంటా ముప్పావు అవుతుంది. ఎక్కడి నుంచి తెస్తారు?

‘డ్రైవరు చేతిలో ఇరవై యూరోలు పెడితే సర్దుకోడా’ అని ఇంకో ఇద్దరు రాశారు. సర్దుకోడు. అతని కార్డు టాకోగ్రాఫ్ అనే యంత్రంలో ఉంటుంది, చక్రం తిరిగిన ప్రతి నిమిషం అందులో పడుతుంది. పోలీసులు దారిలో ఆపి 56 రోజుల వెనకటి లెక్క దాకా అడగొచ్చు. విశ్రాంతిని 9 గంటలకు తగ్గించుకునే వెసులుబాటు అతనికి ఉంది గానీ, రెండు వారపు సెలవుల మధ్య మూడుసార్లే. దాన్ని యాక్సిడెంట్లూ సొరంగం మూసివేతలూ వంటి రోజులకు దాచుకుంటాడు, మన ఫోటోలకు ఖర్చు పెట్టడు.

ఆలస్యం ఆ రాత్రితో తీరేది కూడా కాదు. బస్సు 9:30కి నిలిస్తే మర్నాడు 8:30 లోపు కదలదు. వెనిస్‌లో ట్రోంకెట్టో రేవు దగ్గర మీ గ్రూపు పడవకి టైం ముందే కట్టి ఉంటుంది, దాన్ని అందుకోకపోతే ఆ రోజు చూడాల్సినవాటిలో ఒకటి ఎగిరిపోతుంది. నాలుగు స్టాపుల్లో పదేసి నిమిషాలు ఎవరో ఒకరు లేటయితే నలభై నిమిషాలు. టూర్ మేనేజరు చిటపటలాడేది అందుకే.

ఆవకాయ, పొడులు, నేతి మిఠాయిలు, ఇంట్లో పట్టిన కోడి పచ్చడి తీసుకెళ్లొచ్చా? బస్సులో తినొచ్చా? రూములో చిన్న కుక్కర్ పెట్టుకుంటే ఎవరైనా ఏమన్నా అంటారా?
(దిల్‌సుఖ్‌నగర్, నిజాంపేట, మల్కాజిగిరి నుంచి)

ముందు కస్టమ్స్ సంగతి. మన దేశం నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి మాంసం, పాలు, వాటితో చేసినవి ప్రయాణికుల సామానులో రానివ్వరు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి సీసా, పన్నీరు, పాలకోవా, కలాకంద్ ఇంట్లోనే వదిలేయండి. బ్రిటన్‌లోనూ, స్విట్జర్లాండ్‌లోనూ మాంసం, పాల పదార్థాలకు ఇదే దారి. విచిత్రమేమంటే చేపలకు, రొయ్యలకు వేరే నియమం ఉంది, మనిషికి 20 కిలోల దాకా వదులుతారు. రొయ్యల పచ్చడి డబ్బా వెళ్తుంది, కోడి పచ్చడి డబ్బా చెత్తబుట్టలో పడుతుంది. పచ్చి కరివేపాకు, పచ్చిమిరపకాయలు, నిమ్మకాయలు, మామిడిపళ్లు సర్టిఫికెట్ లేకుండా కుదరవు. కొబ్బరికాయ, అరటి, అనాస, ఖర్జూరాలకు మాత్రం మినహాయింపు.

ఆవకాయ, గోంగూర, కందిపొడి, కరివేపాకు పొడి, కారప్పూస, చేగోడీలు, మరమరాలు, నువ్వుల చిక్కీలకు ఇబ్బంది లేదు. పచ్చళ్లు చెక్ఇన్ సూట్‌కేసులోనే పెట్టాలి. చేతి సంచిలో 100 మిల్లీలీటర్ల నియమం పచ్చడికీ వర్తిస్తుంది, సెక్యూరిటీవాళ్ల దృష్టిలో అది ద్రవమే.

ఆవకాయ విషయంలో ఒక మాట. మే నెలలో వెళ్లేవాళ్లు మురిపెంగా అప్పుడే కలిపిన కొత్తావకాయ పట్టుకెళ్తారు. అదింకా ఊరుతూ ఉంటుంది, ఊట పైకి వస్తూ ఉంటుంది. విమానం పొట్టలో గాలి ఒత్తిడి తగ్గేసరికి మూత సందుల్లోంచి నూనె కక్కి పట్టుచీర మీదికి వస్తుంది. నిరుటి పచ్చడి ఉంటే అదే మేలు. ప్లాస్టిక్ సీసాలో ముప్పాతిక వంతు నింపి, మూత కింద పాలిథిన్ ముక్క వేసి బిగించి, అంచు చుట్టూ టేపు చుట్టి, రెండు జిప్ కవర్లలో పెట్టి, పాత తువ్వాలులో చుట్టి సూట్‌కేసు మధ్యలో నిలబెట్టండి. స్టీలు డబ్బా వద్దు. ఇద్దరికి పది రోజులకు 250 గ్రాముల పచ్చడి, 200 గ్రాముల పొడి సరిపోతాయి. చాలామంది దీనికి నాలుగింతలు తీసుకెళ్లి ఆఖరి హోటల్లో వదిలేసి వస్తారు.

బస్సులో పొడిగా, వాసన లేనివి తినొచ్చు. మర్యాద కోసమే కాదు, ఆ బస్సు కిటికీలు తెరుచుకోవు. ఏసీ అదే గాలిని తిప్పుతుంది కాబట్టి పొద్దున తెరిచిన పులిహోర సాయంత్రం దాకా వాసన వస్తూనే ఉంటుంది. వేడి కాఫీ కప్పు కూడా చాలామంది డ్రైవర్లు ఎక్కనివ్వరు, సడన్ బ్రేకు పడితే పక్కవాళ్ల ఒళ్లో పడేది అదే కాబట్టి.

కుక్కరు మాత్రం వద్దు. రూముల్లో వంట నిషేధం, పొగ పసిగట్టే పరికరం మోగితే హోటలంతా ఖాళీ చేయాల్సి వస్తుంది, ఆ ఖర్చు బిల్లులో వస్తుంది. అన్ని హోటళ్లలోనూ కెటిల్ ఉండదు, ఇటలీ, ఫ్రాన్సుల్లో అస్సలు నమ్ముకోకండి. అర లీటరు ట్రావెల్ కెటిల్ ఒకటి పెట్టుకోండి. అందులో నీళ్లే కాయాలి, నూడుల్స్ ఉడికిస్తే పొంగి కింద ఉన్న కనెక్షన్ పాడవుతుంది. పల్చటి అటుకులు స్టీలు గిన్నెలో రెండు గుప్పిళ్లు వేసి తడిసేంత వేడినీళ్లు పోసి అయిదు నిమిషాలు మూతపెట్టి, పులిహోర పేస్టు కలిపితే రాత్రి గడిచిపోతుంది. ఇంటి దగ్గర కలిపి పెట్టుకునే ఇన్‌స్టంట్ ఉప్మా రవ్వ బాగా వేయించినదైతే కాగే నీళ్లలో మూతపెట్టి పది నిమిషాలుంచితే మెత్తబడుతుంది. సరిగా వేగని రవ్వ పంటికింద పచ్చిగా తగులుతుంది.

హోటల్ బ్రేక్‌ఫాస్టులో ఉడికించిన గుడ్లు, బ్రెడ్డు, పళ్లు, పెరుగు ఉంటాయి. అక్కడే కడుపునిండా తినండి. డబ్బాలో కట్టుకుని బయటికి తేవడం మాత్రం ఒప్పుకోరు. ఒకరిద్దరు చేసినా మర్నాడు గ్రూపు మొత్తానికి మాట వస్తుంది.

మా నాన్నగారికి 68 ఏళ్లు. షుగరు, బీపీ ఉన్నాయి, మాటిమాటికి బాత్రూముకి వెళ్లాలి. బస్సులో టాయిలెట్ ఉందని చెప్పారు. దాన్ని నమ్ముకోవచ్చా?
(తార్నాక)

నమ్ముకోవద్దండీ. మధ్య తలుపు మెట్ల పక్కన అల్మారా అంత గది ఒకటి ఉంటుంది నిజమే, కానీ దాని ట్యాంకు చిన్నది. నిర్ణీత స్థలాల్లోనే ఖాళీ చేయాలి కాబట్టి చాలా బస్సుల్లో తాళం వేసి ఉంచుతారు, అత్యవసరమైతేనే తీస్తారు. ‘ఉంది’ అన్నారా, ‘తెరిచి ఉంటుంది’ అన్నారా అని బుకింగ్ వాళ్లనే అడగండి.

హైవే స్టాపులే ఆధారం. పొద్దున బస్సు ఎక్కగానే టూర్ మేనేజరుతో ‘గంటన్నరకోసారి కావాలి’ అని ముందే చెప్పండి. పక్కనే ఉన్న స్టాపు దాటిపోయాక చెబితే ఆయన చేయగలిగిందేమీ లేదు, హైవే పక్కన ఊరికే ఆపడం అక్కడ నేరం. నడవ పక్క సీటు, వీలైతే మధ్య తలుపు దగ్గరది తీసుకోండి. బీపీకి నీరు తీసే మాత్ర వాడుతుంటే బస్సు రోజుల్లో ఏ వేళకు వేసుకోవాలో డాక్టరును అడిగి మార్చుకోండి. నీళ్లు మానేయించడం మాత్రం పొరపాటు. గంటకు నాలుగైదు గుక్కలు తాగాలి, లేకపోతే కాళ్ల వాపు, తలనొప్పి, షుగరు పెరగడం అన్నీ కలిసి వస్తాయి.

స్టాపులో ఇరవై నిమిషాలంటే ఎక్కువ అనిపిస్తుంది. ఆడవాళ్లు పాతికమంది, గదులు అయిదు, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు అనుకోండి, అక్కడికే పావుగంట అయిపోయింది. కాబట్టి దిగగానే ముందు టాయిలెట్, తర్వాతే కాఫీ. జర్మనీ హైవేల్లో శానిఫేర్ అనే చోట్ల గేటులో 1 యూరో వేస్తేనే లోపలికి వదులుతుంది. అది ఇచ్చే కూపన్‌తో అక్కడి దుకాణంలో 1 యూరో తగ్గించుకోవచ్చు, పారేయకండి. ఫ్రాన్సులో హైవే పక్క విశ్రాంతి స్థలాల్లో ఉచితం. ఊళ్లలో 50 సెంట్లు, 1 యూరో నాణేలు జేబులో పది దాకా ఉంచుకోండి. నోటుకి చిల్లర కోసం ఆ తొందరలో పరిగెత్తడం కష్టం. నీళ్లు ఎక్కడా ఉండవు, కాగితమే. 300 మిల్లీలీటర్ల మెత్తటి సీసా ఒకటి చేతి సంచిలో పెడితే ఇబ్బంది తీరిపోతుంది.

ఇన్సులిన్ వాడుతుంటే అది ఎప్పుడూ చేతి సంచిలోనే. బస్సు కింద సామాను గది ఎండలో మండిపోతుంది. వాడుకలో ఉన్న పెన్ను మామూలు గది వేడిలో చాలా రకాలకు సుమారు నాలుగు వారాలు ఆగుతుంది, తెరవనివి 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. హోటల్ చిన్న ఫ్రిజ్‌లో వెనక గోడకి ఆనించి పెడితే గడ్డకడుతుంది, ఒకసారి గడ్డకట్టింది ఇక పనికిరాదు. వేసవిలో అక్కడి గడియారం మనకంటే మూడున్నర గంటలు వెనక. మొదటి రోజు డోసు ఏ గడియారం ప్రకారం తీసుకోవాలో డాక్టరుతో కాగితం మీద రాయించుకోండి. మందుల చీటీలో కంపెనీ పేర్లతో పాటు మందు అసలు పేరు ఉండాలి, మన బ్రాండ్లు అక్కడి ఫార్మసీకి తెలియవు. సొరంగం ముందు బళ్లు ఆగిపోతే మధ్యాహ్న భోజనం మూడు దాటుతుంది. చెమటలు, వణుకు మొదలైతే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంట ఆగి షుగరు మళ్లీ చూడండి. గ్లూకోజు బిళ్లలు ఆయన జేబులోనే ఉండాలి, పైన ర్యాకులో పెట్టిన సంచిలో కాదు.

నాకు బస్సులో వాంతులు. ముందు సీటు ఇస్తామన్నారు, తీరా చూస్తే ‘సీటు రొటేషన్’ అని కాగితంలో ఉంది.
(సైనిక్‌పురి)

రొటేషన్ అంటే రోజూ అందరూ రెండేసి వరసలు జరగడం, ముందు కూర్చునే భాగ్యం అందరికీ దక్కాలని. న్యాయమే గానీ మీలాంటివాళ్లకి కష్టం. డాక్టరు చీటీ జతచేసి బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా మినహాయింపు తీసుకోండి, బస్సు ఎక్కాక అడిగితే మిగతా నలభైమందితో గొడవ. మొదటి వరసే కావాలని పట్టుబట్టకండి. ముందు, వెనక చక్రాల మధ్య ఉన్న సీట్లలో ఊపు తక్కువ. అన్నిటికంటే చెడ్డది ఆఖరి వరస, వెనక చక్రాల అవతల ఉంటుంది కాబట్టి మలుపు తిరిగినప్పుడల్లా తోకలా ఊగుతుంది. పైగా ఆ సీట్లు చాలా బస్సుల్లో వెనక్కి వాలవు.

ప్రోమెథజీన్ 25 మిల్లీగ్రాముల మాత్ర ప్రయాణానికి గంటా రెండు గంటల ముందే వేసుకోవాలి, వాంతి మొదలయ్యాక వేసుకుంటే బయటికొచ్చేస్తుంది. మత్తు బాగా వస్తుంది, అందుకని ఇక్కడే ఏ నాగార్జునసాగర్ ప్రయాణంలోనో ఒకసారి వేసుకుని చూడండి. గ్లకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ముట్టకూడదు. పొద్దున బ్రేక్‌ఫాస్టులో ఆరెంజ్ జ్యూస్, నూనె వస్తువులు మానేసి బ్రెడ్డు, అరటిపండుతో సరిపెట్టుకోండి. ఫోన్ చూడకండి, దూరంగా కొండ అంచు మీద చూపు ఉంచండి. విమానంలో సీటు జేబులో ఉండే కాగితం సంచులు రెండు తెచ్చుకుంటే ఎవరూ ఏమనరు. సీటు బెల్టు మాత్రం ఎంత కడుపు తిప్పినా తీయకూడదు, అక్కడ బస్సులోనూ తప్పనిసరి.

మనిషికి రెండు సూట్‌కేసులకి విమానంవాళ్లు ఒప్పుకున్నారు. బస్సువాళ్లకేం నొప్పి?
(బోడుప్పల్)

బస్సు అడుగున గది ఎంతుందో అంతే. నలభై అయిదు మందికి తలా ఒక మధ్యస్థం పెట్టె పడితే నిండిపోతుంది. 20 కిలోలు దాటిన పెట్టెని రోజూ వంగి ఎత్తేది డ్రైవరు నడుము. పైన ర్యాకు చాలా సన్నం, జాకెట్టు, గొడుగు తప్ప పట్టవు. చేతి సంచి కాళ్ల కింద పెట్టుకోవాల్సిందే, నడవలో పెట్టనివ్వరు.

అసలు చిక్కు హోటల్ లిఫ్టులో ఉంది. పాత హోటళ్లలో లిఫ్టు ఇద్దరు మనుషులకి, రెండు పెట్టెలకి సరిపోయేంతే. ఎనిమిదింటికి బస్సు అంటే అందరూ 7:40కి లిఫ్టు దగ్గరికొస్తారు, ఆఖరివాళ్లు 8:15కి కిందికి దిగుతారు. బ్రేక్‌ఫాస్టుకి దిగేటప్పుడే పెట్టె పట్టుకుని దిగితే ఈ బాధ లేదు. పోర్టరు ఉంటాడనుకోవద్దు. ఒక్క రాత్రే ఉండే ఊళ్లకు కావలసిన జత బట్టలు, మాత్రలు, పళ్లు తోముకునేవి చిన్న సంచిలో వేరుగా సర్దుకుంటే పెద్ద పెట్టె విప్పే పనుండదు. పాస్‌పోర్టు, మందులు, నగలు సామాను గదిలో పెట్టకండి. అసలు నగలు తీసుకెళ్లడమే ఎందుకు?

మన ఛార్జర్లు అక్కడ పని చేస్తాయా?
(అత్తాపూర్)

కరెంటు 230 వోల్టులే, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. సన్నటి రెండు పుల్లల ఫోన్ ఛార్జరు ఫ్రాన్సు, జర్మనీ, ఇటలీ, స్విట్జర్లాండ్‌లలో దిగుతుంది. మన మూడు పుల్లల కెటిల్ ప్లగ్గు ఎక్కడా దిగదు. లావు పుల్లలుంటే స్విట్జర్లాండ్ సాకెట్‌లో రెండు పుల్లలదైనా పట్టదు, అక్కడివి 4 మిల్లీమీటర్ల పుల్లలకే. బ్రిటన్‌కి వేరే అడాప్టరు. పవర్ బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి, 20,000 ఎంఏహెచ్‌ది సుమారు 74 వాట్ అవర్లు, విమానంవాళ్ల పరిమితి 100 లోపే కాబట్టి ఫర్వాలేదు.

లేటయితే నిజంగానే వదిలేసి వెళ్లిపోతారా?
(హబ్సిగూడ)

కొంచెంసేపు చూస్తారు, తర్వాత వెళ్లిపోతారు. ఊళ్లలో బస్సు నిలిపే చోటికి టైం కట్టి ఉంటుంది. ఇటలీ నగరాల్లో బస్సు లోపలికి రావడానికే పర్మిట్, రుసుము ఉంటాయి, దింపి వెంటనే కదలాలి. బస్సు మిమ్మల్ని దింపిన చోటే మళ్లీ ఎక్కించుకుంటుందన్న నమ్మకం లేదు కాబట్టి దిగేముందు ‘ఎక్కడ, ఎన్నింటికి’ అని అడిగి, ఆ చోటుని ఫోటో తీసుకోండి. బస్సు నంబరు ప్లేటు కూడా. ఒకే రంగు బస్సులు ఇరవై వరసగా నిలబడి ఉంటాయి, టూరు మధ్యలో బస్సు, డ్రైవరు మారడమూ మామూలే. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకండి, చెప్పిన చోటే నిలబడి ఫోన్ చేయండి. మేనేజరు నంబరు కాగితం మీద కూడా ఉండాలి, ఫోన్ పోయినప్పుడే కదా అవసరం పడేది.

దిగేటప్పుడు ఒక జాగ్రత్త. అక్కడ బళ్లు రోడ్డుకి కుడివైపు నడుస్తాయి, బస్సు తలుపూ కుడివైపే. ఆమ్‌స్టర్‌డామ్‌లో బస్సు మెట్టుకీ ఫుట్‌పాత్‌కీ మధ్యలో ఎర్రటి దారి కనిపిస్తుంది. అది నడవడానికి కాదు, సైకిళ్లది. వేగంగా, చప్పుడు లేకుండా వస్తాయి. ఫోటో కోసం వెనక్కి వెనక్కి నడిచేవాళ్లు అక్కడే దెబ్బలు తగిలించుకుంటారు. మెట్టు దిగి, రెండువైపులా చూసి, ఆ దారి దాటి నిలబడ్డాకే ఫోన్ తీయండి. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడాలి, మనకు అలవాటు కుడివైపు.

షెంగెన్ వీసాకి ఏ దేశానికి అప్లై చేయాలి? ఏజెంటు ఒకటి చెబితే మా బావగారు ఇంకొకటి చెబుతున్నారు.
(మియాపూర్)

షెంగెన్ అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల బృందం. వాటిలో ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటారో ఆ దేశానికి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. టూరు కాగితం ముందు పెట్టుకుని లెక్కపెట్టండి, ఏజెంటూ బావగారూ ఇద్దరూ తృప్తి పడతారు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్‌లో ఉంది, ఇదే వీసా చెల్లుతుంది. బ్రిటన్‌కి వేరే వీసా, ఐర్లండ్‌కి వేరే.

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు. మన దగ్గర మార్చి, ఏప్రిల్‌లలో అపాయింట్‌మెంట్లు దొరకడం గగనం, సంక్రాంతి దాటగానే పని మొదలుపెట్టండి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, 45 రోజుల దాకా కూడా పట్టొచ్చు. ఫీజు 2024 జూన్ 11 నుంచి పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై, అక్కడి నుంచి తిరిగొచ్చే రోజు తర్వాత కనీసం మూడు నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలుండాలి. ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకి. పెద్దవాళ్లకు తీసుకునేటప్పుడు ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తిస్తుందో లేదో పాలసీ కాగితంలోనే చూడండి. చవకైనవాటిలో చాలావరకు వర్తించవు.

2025 అక్టోబర్ 12 నుంచి అక్కడి సరిహద్దులో వేలిముద్రలు సరిచూసి, ఫోటో తీసి కంప్యూటర్లో ఎక్కించే పద్ధతి మొదలైంది. గ్రూపు మొత్తానికి ఇది పూర్తయ్యేసరికి విమానం దిగిన రోజు గంటో రెండో పోవచ్చు. బస్సు డ్రైవరు గడియారం ఆ గంటల్లోనూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి మొదటి రోజు కార్యక్రమంలో కోత పడితే మేనేజరు మీద విరుచుకుపడకండి.

దారిలో పాస్‌పోర్టు పోతే?
(ఈసీఐఎల్)

ముందు దగ్గర్లో ఉన్న పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి ఆ కాగితం తీసుకోవాలి, అది లేనిదే తర్వాతి పని కదలదు. తర్వాత ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయం గానీ కాన్సులేట్ గానీ. త్వరగా ఇచ్చేది ఎమర్జెన్సీ సర్టిఫికెట్, దానితో ఇండియాకి తిరిగి రావడమే కుదురుతుంది, టూరు కొనసాగించలేరు. గ్రూపు మీకోసం ఆగదు. డ్రైవరు గంటలు దానికీ ఆగవు. మేనేజరు మిమ్మల్ని స్థానికంగా ఎవరికైనా అప్పగించి బస్సుతో వెళ్లిపోవాల్సి వస్తుంది, కాబట్టి హోటల్, టాక్సీ, టికెట్ మార్పు ఖర్చులకు వేరే కార్డులో కొంత డబ్బు ఉండాలి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీల కాపీ, వీసా పేజీ కాపీ, రెండు ఫోటోలు పాస్‌పోర్టుతో కలపకుండా వేరే సంచిలో పెట్టండి. ఇంట్లో ఒకరి ఫోన్‌లో కూడా ఉంచండి. పారిస్, రోమ్, బార్సిలోనాల్లో రద్దీ చోట్లకు వెళ్లేటప్పుడు నడుముకి కట్టుకునే సంచి చొక్కా లోపల ఉండాలి. చాలామంది పైన కట్టుకుంటారు, దొంగకి అదే చిరునామా.